ప్లాస్మా మిషన్‌కు పచ్చ పొట్లాలు

ఆ ఉదయం షెడ్డులో పనిచేసే యుచిన్ పథకం ఒక్కటే. ఓనరు తూ కిందికి దిగేసరికి, గాలిని శుభ్రం చేసే ప్లాస్మా మిషన్ బుద్ధిగా పనిచేస్తూ కనపడాలి. తైవాన్‌లోని తైచుంగ్‌లో స్కూటర్ భాగాలకు రంగు కొట్టే షెడ్డు అది. ఏళ్ల తరబడి అందులో మనుషులు థిన్నర్ ఆవిరి మింగారు. కొట్లాడితే, కొట్లాడితే, నెల రోజుల పరీక్ష మీద వచ్చింది మిషన్. లోపలి చిన్న మెరుపులు ఆవిరిని విరగ్గొడతాయి. ఉత్ప్రేరకం పూసిన జల్లెడ మిగిలినదాని పని పడుతుంది. అది వచ్చాక యుచిన్ తలనొప్పి బిళ్ల ముట్టలేదు. ఇంటికెళ్తే కూతురు ముక్కు మూసుకోకుండా వాటేసుకుంటోంది. ఇవాళ్టితో ఆ నెల సరి, తూ వద్దంటే మిషన్ వెనక్కి పోతుంది.

యంత్రం మొరాయించకూడదంటే అక్కడ దాని ఎదుట కొబ్బరి చిరుతిండి పొట్లం పెడతారు. ఆకుపచ్చదే పెట్టాలి, తినకూడదు, గడువు దాటకూడదు. యుచిన్ చూస్తే పొట్లం గడువు నిన్నటితో సరి!

"లో బాబాయ్, పరిగెత్తు! పచ్చది!"

ముసలి లో పసుపుది తెచ్చాడు. "వీధి కొట్లో పచ్చవి అయిపోయాయమ్మాయ్."

"పసుపు చూస్తే మిషన్ అలుగుతుంది బాబాయ్! నిన్ను పంపాను చూడు, నన్ననాలి!"

ఆ కేక షెడ్డంతా విన్నది. ఒకరు గుడి దగ్గరి అంగడికి, ఒకరు పెట్రోలు బంకుకు, ఎవరికి వారు గుట్టుగా ఉరికారు. తెచ్చిన పచ్చ పొట్లం మిషన్‌కు బాగా కనపడాలని గాలి పీల్చే జాలీకే ఆనించి పోయారు. ఫ్యాను వాటన్నిటినీ గుంజి అతికించుకుంది. మిషన్‌కు ఊపిరాడలేదు, ఆగిపోయింది. రంగు తుపాకులు మాత్రం ఆగలేదు. పాత కంపు గుప్పుమంది.

అప్పుడు దిగాడు తూ. పైన ఏసీ గదిలో కూర్చునే మనిషి.

"ఈ డబ్బా నాకెందుకు? తీసుకు..." దగ్గు. "తీసుకుపొ..." కళ్లనిండా నీళ్లు. "ఏంటే ఈ గాలి?"

"ఇన్నేళ్లూ మేం పీల్చిందే సారూ," అంది యుచిన్.

తూ గోడ పట్టుకుని వాంతి చేసుకున్నాడు. లో బాబాయ్ పొట్లాలన్నీ పీకి పారేశాడు. మిషన్ మళ్లీ గుర్రుమంది. కాసేపటికి తూ ముఖంలో మళ్లీ కళొచ్చింది.

"దీని మీద ఎవడైనా చెయ్యేస్తే ఊరుకోను!" అని గర్జించాడు.

"బతికించావే తల్లీ," అని యుచిన్ మిషన్‌ను నిమిరి కళ్లు తుడుచుకుంది. షెడ్డంతా చేతులు జోడించింది.

మర్నాడు తూ తన బల్లను మిషన్ పక్కకే మార్పించుకున్నాడు. ఇప్పుడు షెడ్డులో గాలి బంగారం. ఓనర్ని తిట్టుకోవడానికి మాత్రం అందరూ బయటికి నడవాల్సి వస్తోంది.