సెల్లార్‌లో సబ్‌సీ ఆపరేషన్

సముద్ర గర్భం (ఆఫీసు భాషలో 'సబ్‌సీ') నుంచి చమురు, సహజవాయువు తీయడానికి కావలసిన సకల విజ్ఞానమూ హైదరాబాద్‌లో కొత్తగూడ కూడలికి కాస్త అవతల, ఒక అద్దాల భవనం ఏడో అంతస్తులో సిద్ధంగా ఉన్నదని ప్రజలకు తెలియజేయడమైనది. సముద్రం అక్కడికి ఒక రాత్రి రైలు ప్రయాణం. అందువల్ల పనికేమీ అంతరాయం కలగలేదు. దూరం నుంచి చూస్తేనే సముద్రం సమగ్రంగా అర్థమవుతుందని సంస్థ వైస్ ప్రెసిడెంట్ ఓంకార్ తరచు సెలవిచ్చేవారు. ఆయన దాన్ని తెర మీద తప్ప చూడలేదని గిట్టనివాళ్లు అనేవారు. గిట్టినవాళ్లూ అనేవారు గానీ, ప్రమోషన్లు ప్రకటించాక.

ఆ అంతస్తులో సముద్రాన్ని చూసిన కొద్దిమందిలో వాసంతి ఒకతె. కాకినాడ అమ్మాయి. సముద్రం అడుగునున్న గ్యాస్ బావి నుంచి ఒడ్డుకు పైపులైను ఏ దారిన వేయాలో నిర్ణయించడం ఆమె పని. చాలా బాగా చేసేది. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం గట్టి వాన పడింది. రోడ్డు మీది నీళ్లన్నీ ర్యాంపు మీదుగా సెల్లార్‌లోకి దిగాయి. బిల్డింగ్ సూపర్‌వైజర్ సాయిచంద్ మెట్లెక్కి, ఆయాసపడుతూ మీటింగు గదిలోకి వచ్చాడు.

"సార్, సెల్లార్ల నీళ్లు నిండినయ్. చాయ్ పెట్టే సక్కుబాయి అండ్లనే ఉన్నది. బువ్వ తిని జరసేపు ఒరుగుతనని పోయింది. ఫోన్ ఎత్తుతలేదు."

ఓంకార్ చిరునవ్వు నవ్వారు. "పరేషాన్ గాకు. కిలోమీటరు లోతు నీళ్లల్ల పనిజేసే కంపెనీ మనది. గీ సెల్లార్ల ఎంతుంటది?"

"ఛాతీ దాకా, సార్."

"గంతేనా!"

వెంటనే అత్యవసర సమావేశం మొదలైంది. నీటిలోతు స్వల్పమని తీర్మానించారు. అయినా గజ ఈతగాడి యోగ్యతా పత్రం లేనివారిని నీళ్లలోకి దింపడం నిబంధనలకు విరుద్ధమని భద్రతా విభాగం గుర్తుచేసింది. రిసెప్షన్‌లో గాజు పెట్టెలో ఉన్న నమూనా రోబోను పంపుదామని ఓంకార్ ప్రతిపాదించారు. చప్పట్లు మోగాయి. అది ఏ దారిన వెళ్లాలో గీయమని వాసంతికి అప్పగించారు. ఆమె గీసింది. స్తంభాలకు తగలకుండా, మలుపులు తక్కువగా, ముచ్చటైన దారి. ఆ గీతలో మునిగి, కింద ఒక మనిషి ఉన్న సంగతి ఆమె కాసేపు నిజంగానే మరిచిపోయింది.

రోబోను కిందికి మోసుకెళ్లి వదిలారు. దసరా నాటి కుంకుమబొట్టు ఇంకా దాని నుదుట ఉంది. సముద్రంలో మునగడానికి పుట్టిన ఆ యంత్రం, మురుగునీళ్లు చూసి మునగనని తేలింది. దాని కెమెరా చూపుతున్న దృశ్యం పైన తెర మీద కనబడసాగింది. ఒక చెప్పు, కొన్ని నీళ్ల సీసాలు, ఒక నల్ల కారు. కారు కప్పు మీద మెట్టెలు పెట్టుకున్న రెండు పాదాలు, వణుకుతూ.

"లక్ష్యం గుర్తించబడింది," అన్నాడొక ఇంజనీరు.

ఓంకార్ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "అరే, అది నా కారు! మొన్ననే కదా షోరూం నుంచి తెచ్చింది! రూఫ్ సొట్టబోతది, జర పక్క కారెక్కమని చెప్పుండ్రి!"

పక్క కారు ఎవరిదన్న విషయంపై చర్చ మొదలైంది. వాసంతి ఆ పాదాలనే చూస్తోంది. ఒక కాలు జారి, మళ్లీ నిలదొక్కుకుంది. ఆమె ఎవరికీ చెప్పకుండా మెట్లు దిగింది. సాయిచంద్ చేత మెయిన్ కరెంటు తీయించింది. గోడకున్న అగ్నిమాపక గొట్టాన్ని నడుముకు చుట్టుకుని, రెండో కొస అతనికిచ్చి, నీళ్లలో దిగింది. నీళ్లు చల్లగా ఉన్నాయి, డీజిల్ కంపు కొడుతున్నాయి.

సక్కుబాయి ఆమెను చూసి మొదట అడిగిన మాట ఇది: "అమ్మా, సార్ కారు సొట్టబడ్డది. నన్ను పన్ల ఉంచుతడా?"

"కారు సంగతి తర్వాత చూద్దామండి. నా మెడ పట్టుకోండి, గట్టిగా."

గట్టెక్కాక ఇద్దరూ ర్యాంపు మీదే కూలబడ్డారు. ముందు ఏడ్చింది వాసంతి.

మరుసటి వారం అభినందన సభ జరిగింది. "నగరం నడిబొడ్డున తొలి సబ్‌సీ ఆపరేషన్ మన సంస్థదే అయినందుకు గర్విస్తున్నాను," అని ఓంకార్ గద్గద స్వరంతో ప్రసంగించి రోబోకు దండ వేశారు. సభికులకు చాయ్ సక్కుబాయే అందించింది.

నీళ్లెందుకొచ్చాయో నివేదిక ఇమ్మని వాసంతిని అడిగారు. ఎగువ చెరువు అలుగు కాలువ దారిలోనే మన భవనం ఉందని, సముద్రం అడుగున ప్రవాహానికి అడ్డంగా గొట్టం కూడా వేయని మనం ఇక్కడ మనుషుల్ని కూర్చోబెట్టామని ఆమె రాసింది. ఓంకార్ శ్రద్ధగా చదివారు.

"సముద్రానికైతే కరెక్టే వాసంతీ. భూమ్మీద గూడ గిట్లనే చూస్తే హైదరాబాద్‌ల మనకు ఆఫీసు దొరుకుతదా?"

తుది నివేదికలో కారణం "వాన" అని ఉంది. వాసంతికి ఒళ్లు మండింది. ఈ మనుషుల మధ్య ఎలా బతుకుతున్నానా అని ఇంట్లో భర్త శ్యామ్‌తో రోజూ వాపోయింది.

ఆదివారం ఆ ఇద్దరూ ఖాజాగూడ దాటి, కొత్తగా కడుతున్న అపార్టుమెంటు చూడ్డానికి వెళ్లారు. ఎనిమిదో అంతస్తు బాల్కనీలోంచి ఒక చెరువూ, బండరాళ్లూ, పచ్చటి పల్లం కనబడ్డాయి. ఆ పల్లం తిన్నగా వచ్చి ఈ అపార్టుమెంటు సెల్లార్ గేటు దగ్గర ఆగింది. వాసంతి కన్ను అలవాటు కొద్దీ దాన్ని కొసదాకా చదివేసింది.

"శ్యామ్, ఇది నీళ్ల దారి."

"కావచ్చు. మనది ఎనిమిదో అంతస్తు కదా. నీళ్లు లిఫ్టెక్కి రావుగా?"

ఆమె సేల్స్ కుర్రాడి వైపు తిరిగింది. "సెల్లార్‌లో ఏం వస్తాయండి?"

"పార్కింగ్ మేడమ్. ఒక మూల వాచ్‌మన్ ఫ్యామిలీకి రూమ్ ఇస్తున్నామండి. మీకేం డిస్టర్బెన్స్ ఉండదండి."

"ఆ గదికి కిటికీ ఉందా?"

"లేదండి. ఎందుకండి?"

వాసంతి మరోసారి బయటికి చూసింది. చెరువు మీంచి గాలి హాయిగా వీస్తోంది. సంతకం పెట్టడానికి పెన్ను అడిగింది.

అందులో ఇంకా కొన్ని ఫ్లాట్లు మిగిలి ఉన్నాయట. కంగారు పడకండి, అన్నీ పై అంతస్తులే.