తాళం వేసిన గ్యాసులైటు

కరెంటు పోవడం ఒక వరం. చీకట్లో కూర్చుని విసుగెత్తి అంటున్న మాట కాదిది. పట్టపగలు, కాఫీ తాగి, స్థిమితంగా అంటున్నాను. మీ ఊళ్ళో కరెంటు పోవడం లేదంటే మీ మీద నాకు జాలి.

ఆలోచించండి. కరెంటు ఉన్న ఇంట్లో ఇంటి యజమానికి పనేముంది? స్విచ్చి ఎవరు నొక్కినా బల్బు వెలుగుతుంది. యజమాని నొక్కాడు కదా అని కాస్త ఎక్కువేమీ వెలగదు. అదే కరెంటు పోయిందనుకోండి! ఏ దీపం కొనాలి, ఏ స్టవ్వు కొనాలి, దాన్ని ఎప్పుడు వెలిగించాలి, ఎవరు వెలిగించాలి? ఇన్ని ప్రశ్నలు ఒక్కసారిగా పుట్టుకొస్తాయి. వాటికి జవాబు చెప్పే మనిషి ఒకడు కావలసి వస్తాడు.

నేను ప్రొద్దుటూరు తాలూకా కచేరీలో గుమాస్తాను. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో నేను సొంతంగా చేసిన నిర్ణయం ఒక్కటీ లేదు. వచ్చిన కాగితాన్ని వచ్చినట్టే పై ఆఫీసుకు పంపిస్తూ జుట్టు నెరిసింది. అలాంటి వాడికి ఒక నిర్ణయం చేసే అవకాశం వస్తే వదులుకుంటాడా?

పోయిన నవంబరులో, చైనాతో యుద్ధం జరుగుతున్న రోజుల్లో, ఒక ఆఫీసరు హైస్కూలు మైదానంలో ఉపన్యాసమిచ్చారు. ప్రతి ఇంట్లోనూ చేత్తో మోసుకుపోగలిగిన పొయ్యి ఒకటి, దీపం ఒకటి సిద్ధంగా ఉండాలన్నారు. జనం చప్పట్లు కొట్టి, ఇళ్ళకు పోయి, మరిచిపోయారు. నేను మరిచిపోలేదు. శత్రువు జమ్మలమడుగు మీదుగా వస్తాడా, పులివెందుల మీదుగా వస్తాడా అని మర్నాడు కచేరీలో రెండు గంటలు చర్చించాం. పులివెందుల రోడ్డు బాగాలేదు కనుక అటు రాడని తేల్చాం.

సరిగ్గా ఆ వారంలోనే మా వీధిలో సాయంత్రం ఆరింటికి కరెంటు పోవడం, తొమ్మిదింటికి రావడం మొదలైంది. అది శత్రువు పని కాదు, ట్రాన్స్‌ఫార్మరు పని. అయినా నాకు ఉత్సాహం తగ్గలేదు.

ఇక్కడ మా ఆవిడ జయలక్ష్మి గురించి చెప్పాలి. ఆమె మార్చిలో ప్రైవేటుగా మెట్రిక్ పరీక్ష రాయాలి. అంతకు ముందు ఏడు రాసి, లెక్కల్లో తప్పింది. ఈసారి ప్యాసైతే టీచరు ట్రైనింగులో సీటు దొరుకుతుంది. తప్పితే వయసు దాటిపోతుంది, మళ్ళీ అవకాశం లేదు. పిల్లలకు పాఠం చెప్పాలన్నది పెళ్ళికి ముందు నుంచీ ఆమెకున్న కోరిక. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి ఏం చేశానో వినండి.

"ఏమండీ, సాయంత్రం పూట కరెంటు ఉండడంల్యా. ఒక లాంతరు తెచ్చియ్యండి చాలు. చదువుకోవాల," అంది జయలక్ష్మి.

లాంతరట! ఆకాశంలోకి మనుషుల్ని పంపుతున్న కాలంలో లాంతరు! శాస్త్రీయంగా పరిశీలించి, అన్నిటికన్నా మేలైనది తెస్తానని మాటిచ్చాను. ఆ పరిశీలన నెలన్నర పట్టింది.

మొదట జమ్మలమడుగు పోయాను. అక్కడ మా బావ పద్మనాభయ్య బడిపంతులు, ఆయన దగ్గర ఆరు వత్తుల స్టవ్వు ఉంది. రెండు రోజులు ఆయన ఇంట్లో భోంచేస్తూ ఆ స్టవ్వును పరిశీలించాను. "వత్తులన్నీ ఒకే ఎత్తుండాల బావా. ల్యాకుంటే గోడంతా మసే," అన్నాడాయన. వాళ్ళ గోడ చూశాక అది అనుభవంతో చెప్పిన మాటేనని అర్థమైంది.

తర్వాత పులివెందుల. తిరునాళ్ళలో మిఠాయి అంగళ్ళవాళ్ళు పెట్టుకునే కార్బైడ్ దీపం అక్కడ ఒకరింట్లో ఉందని విన్నాను. రాళ్ళ మీద నీళ్ళ చుక్క పడుతుంటే అది వెలుగుతుంది. వెలుగు బాగానే ఉంది. వాసనకు ఆ ఇంటి గేదె కట్టుతాడు తెంపుకుని పోయింది. గేదెకు నచ్చని దీపం ఇల్లాలికి నచ్చదని నిర్ణయించి, తిరుగు బస్సెక్కాను.

ఆఖరికి మా ఊళ్ళోనే హబీబుల్లా అంగడికి చేరాను. హబీబుల్లా మా పక్కింటాయనే. పెండ్లిండ్లకు, ఊరేగింపులకు గ్యాసులైట్లు బాడుగకిస్తాడు, స్టవ్వులు బాగుచేస్తాడు. రోజూ సాయంత్రం ఆరింటికి నేను ఆయన బెంచీ మీద కూర్చునేవాణ్ణి. తొమ్మిది దాకా ఆయన దీపాల వెలుగులో, ఆయనకే, దీపాల గురించి ఉపన్యాసాలిచ్చేవాణ్ణి. ఆయన ఓపికమంతుడు.

"ఇంట్లోకి లాంతరు చాలు సామీ," అనేవాడు మధ్యమధ్యలో. "అమ్మ చదువుకునేదానికి అదే మేలు. ఈ గ్యాసులైటు నెత్తిన మోసే సామాను. ఒకసారి వెలిగినాక మాంటిల్ గుడ్డ బూడిదే, పెట్టెలో పెడితే నిలబడదు."

వ్యాపారం తెలియని మనిషి, ఖరీదైన సరుకు అమ్ముకోవడం చేతకావడం లేదు అనుకున్నాను. గ్యాసులైటు ఒకటి, పంపు స్టవ్వు ఒకటి, రెండు సెల్లుల బ్యాటరీ లైటు ఒకటి తీసుకుని, గ్యాసులైటును అంగట్లోనే వెలిగించుకుని ఇంటికి పోయాను. ఆ పూట మా వీధివాళ్ళు తలుపుల్లోకి వచ్చి చూశారు. నాకు పెండ్లినాడు కూడా అంత మర్యాద జరగలేదు.

ఇక వాటిని వాడటమే తరువాయి అనుకుంటున్నారు కదూ? మీకు కచేరీ పని తెలియదన్నమాట. అత్యవసరానికి తెచ్చిన సామాను రోజూ వాడేస్తే, నిజంగా అత్యవసరం వచ్చినప్పుడు ఏం మిగులుతుంది? పైగా మాది మడి వంట. సీమనూనె స్టవ్వు మీద వండింది నేను తినను. ఆపత్కాలంలో అయితే దోషం లేదని పురోహితుణ్ణి అడిగి తెలుసుకున్నాను. కనుక ఆపద వచ్చేదాకా ఆగాలి. శాస్త్రమూ సర్కారూ ఒకే మాట చెబుతుంటే కాదనడానికి నేనెవరిని? మూడింటినీ ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి జందేనికి కట్టుకున్నాను.

"రోజూ మూడు గంటలు చీకటే కదండీ. ఇది ఆపద కాదా?" అని అడిగింది జయలక్ష్మి.

"ఇది అంతరాయం," అన్నాను. "అంతరాయం వేరు, అత్యవసరం వేరు. నీకు కావాలంటే కాగితం మీద రాసివ్వు."

రాసిచ్చింది. నిజంగానే రాసిచ్చింది! 'చదువుకొనుటకు రోజుకు మూడు గంటలు ఒక దీపము ఇప్పించవలెను' అని ముత్యాల్లాంటి అక్షరాలతో. నేను దాన్ని రెండుసార్లు చదివి, కింద 'అత్యవసరమని రుజువు కాలేదు' అని రాసి, సంతకం పెట్టి తిరిగిచ్చాను. పద్దెనిమిదేళ్ళలో నేను పై ఆఫీసుకు పంపకుండా తేల్చిన కాగితం అదొక్కటే. ఆ పూట నాకు మంచి నిద్ర పట్టింది.

ఆ తర్వాత ఆమె మళ్ళీ అడగలేదు. క్రమశిక్షణ అలవడిందని సంతోషించాను. సాయంత్రం అయిదింటికే వంట ముగించి మూతలు పెట్టేసేది. నేను తొమ్మిదింటికి హబీబుల్లా అంగడి నుంచి వచ్చి చల్లారిన చారు పోసుకుని తినేవాణ్ణి. చల్లటి చారు కూడా సంసిద్ధతలో ఒక భాగమేనని కచేరీలో నలుగురికీ చెప్పాను.

మార్చి వచ్చింది. లెక్కల పరీక్ష రేపనగా సాయంత్రం పెద్ద గాలి లేచింది. బజారులో తడికెలు ఎగిరిపోయాయి. హబీబుల్లా అంగడి మూసేశాడు. చాపాడు వైపు స్తంభాలు కూలాయి, తెల్లారేదాకా కరెంటు రాదని ఎవరో చెప్పారు.

నాకు ఒళ్ళు పులకరించింది. నెలల తరబడి ఎదురుచూసిన ఘడియ వచ్చేసింది. భార్యకు రేపు పరీక్ష, ఊరికి తెల్లారేదాకా చీకటి. ఇది అత్యవసరం కాకపోతే మరేది? ఏడింటికి ఇల్లు చేరాను. చీకట్లోనే చేతులు కట్టుకుని నిలబడి, "అత్యవసరం వచ్చింది," అని గట్టిగా ప్రకటించి, తాళం తీశాను.

గ్యాసులైటు పైకెత్తాను. మాంటిల్ పొడిపొడిగా రాలింది. బ్యాటరీ లైటు మూత తిరగలేదు. సెల్లులు కారి, తుప్పుపట్టి, లోపలే అతుక్కుపోయాయి. స్టవ్వుకు పిన్ను ఉంది, స్పిరిటు సీసా ఉంది, సీమనూనె లేదు. సీమనూనె విడిగా కొనాలని నాకు తట్టనే లేదు.

సరే, ఆమెకు కనీసం నాలుగు మంచి మాటలు చెబుదామని పిలిచాను. పలకలేదు. వంటింట్లో తడుముకున్నాను, పెరట్లో చూశాను. జయలక్ష్మి ఇంట్లో లేదు.

గాలి విసురుతూనే ఉంది. సిగ్గుపడకుండా చెబుతున్నాను, ఆ నిమిషంలో నిజంగా భయపడ్డాను. పక్కింటి తలుపు తట్టాను.

లోపల వెలుగుంది. బాడుగకు పోయే లైట్లను ముందురోజే ఇంట్లో వెలిగించి చూడటం వాళ్ళ పద్ధతి. ఊరేగింపు మధ్యలో లైటు ఆరిపోతే ఆ అంగడి పేరు పోతుంది కదా. హబీబుల్లా భార్య ఖమ్రున్నీసా ఒక గ్యాసులైటుకు పంపు కొడుతోంది. దాని కింద చాప మీద కూర్చుని జయలక్ష్మి లెక్కలు చేస్తోంది.

"ఏంది సామీ, అట్ల నిలబడితిరి?" అంది ఖమ్రున్నీసా. "అక్క రెండు నెల్లుగా రోజూ ఈడనే చదువుకుంటాంది. మీకు తెలీదా?"

తెలీదు. మూడు ఊళ్ళు తిరిగి దీపాలు చూసినవాణ్ణి, రెండు నెలల పాటు సాయంత్రాలు నా భార్య ఎక్కడుంటుందో చూడలేదు. హబీబుల్లా గోడవైపు తిరిగి లైటు గ్లాసు తుడుస్తున్నాడు. ఇన్నాళ్ళూ నా ఉపన్యాసాలు వింటూ ఆయన ఏమనుకున్నాడో అడిగే ధైర్యం లేకపోయింది.

"పెట్టె తెరిచినా," అన్నాను నేను. "ఏదీ వెలగలేదు."

జయలక్ష్మి లేవలేదు. పెన్సిలు పక్కన పెట్టి, కోపం లేకుండా చెప్పింది.

"దీపం కాదులేండి. పోయినేడు సాయంత్రాలంతా కరెంటు ఉండె. మీరూ ఇంట్లోనే ఉంటిరి. కాఫీ అంటిరి, ఆకులు వక్కలంటిరి, ఎవరో వచ్చినారంటిరి. ఒక్క లెక్క కుదురుగా చేసిందిల్యా. ఈ యేడు కరెంటు పోతాంది, మీరు అంగడికి పోతాండారు. నాకు మూడు గంటలు దొరికె. చారు మూతపెట్టినా, పోయి తినండి."

పోయి తిన్నాను. చీకట్లో.

జయలక్ష్మి లెక్కల్లో అరవై మార్కులతో ప్యాసైంది. ఈ జులై నుంచి ట్రైనింగు స్కూలుకు పోతోంది. ఇప్పుడు చెప్పండి, కరెంటు పోవడం వరమా, కాదా? మా ఇంట్లో చదువు సాగాలంటే పోవలసింది కరెంటు కాదు, నేను. ఈ చిన్న విషయం నాకు తెలియడానికి పాపం ఒక ట్రాన్స్‌ఫార్మరు చెడిపోవలసి వచ్చింది. మీ ఇళ్ళలో కరెంటు బాగా ఉందంటే నాకెందుకు జాలో ఇప్పుడు అర్థమైందనుకుంటాను. మీ మీద కాదులెండి, మీ ఇంట్లోవాళ్ళ మీద.

పోయిన నెల మా వీధికి కొత్త ట్రాన్స్‌ఫార్మరు వేశారు. కరెంటు పోవడం లేదు. అయినా ఆరు కాగానే చెప్పులేసుకుని హబీబుల్లా అంగడికి పోతాను.

"కరెంటుంది కదా సామీ, ఇంక ఈడేం పని మీకు?" అని మొన్న అడిగాడు.

"ఇంట్లో చదువుకుంటాంది," అని చెప్పాను. ఆయన బెంచీ మీద కాస్త జరిగి చోటిచ్చాడు.