యాభయ్యోసారి

ఒక పెద్ద అడవిలో, ఏ అడవో అడక్కండి, నాకెందుకొచ్చిన గొడవ, ఓ బడి ఉండేది. హెడ్మాస్టరు నక్కగారికి ఓ రోజు గొప్ప బుద్ధి పుట్టింది.

"ఆధునిక అమెరికా చరిత్ర పెడదాం. అడ్వాన్స్‌డ్ కోర్సు! ఇన్‌స్పెక్టరు ఎలుగుబంటిగారు ముక్కున వేలేసుకోవాలి!"

బోధనంటారా? ఇంపార్టెంట్ ప్రశ్నలకు టిక్కులు పెట్టడం, ఒక్కో జవాబు యాభైసార్లు గొంతెత్తి చదివించడం. అంతే.

పద్నాలుగో ప్రశ్న జవాబు ఇది: "ఆ దేశంలో ఒక ఊళ్ళో నల్లవాళ్ళకు బస్సులో వెనక సీట్లే. వాళ్ళు ఏడాదిపైన బస్సెక్కకుండా నడిచారు. చివరికి గెలిచారు." ఉడుతపిల్ల నీలవేణి నలభైతొమ్మిదిసార్లు బుద్ధిగా అప్పజెప్పింది. యాభయ్యోసారి, కొంప మునిగింది, అర్థమైపోయింది!

బడికి తీసుకెళ్ళే ఏనుగు మెడమీద పులిపిల్లలు కాళ్ళు చాపుకుని కూర్చునేవి. ఉడుతలూ కుందేళ్ళూ తోక పట్టుకుని వేలాడాలి. తాతల నాటి ఆచారం! మొన్ననే నీలవేణి జారి పేడలో పడింది.

మర్నాడు "దిగండర్రా! నడుద్దాం!" అని అరిచింది. తోకబ్యాచంతా కేరింతలు కొడుతూ దూకేసింది.

నక్కగారు పరుగెత్తుకొచ్చారు. "పరీక్షలో రాయమన్నానా, చెయ్యమన్నానా? టీసీ చేతిలో పెడతా!"

నీలవేణి వంశంలో బడి గడప తొక్కింది అదొక్కతే. ఏడుపొచ్చింది. అయినా ఆగలేదు.

అప్పుడే ఎలుగుబంటిగారు ఎదురయ్యారు. "ఏమయ్యా, పిల్లలు నడుస్తున్నారేం?"

"ప్రాక్టికల్స్ సార్! పద్నాలుగో ప్రశ్న!" అనేశారు నక్కగారు, తడుముకోకుండా.

"ఆహా! ఎక్కడా చూళ్ళేదయ్యా! ఎన్నాళ్ళమ్మా ఇది?"

"మెడమీద చోటిచ్చేదాకా సార్," అంది నీలవేణి.

"భేష్! అందాకా ఎవరూ ఆపకూడదు" అని ఎలుగుబంటిగారు రిపోర్టులో రాసి, సంతకం కూడా పెట్టేశారు.

నడిచే పిల్లలు బడికి చేరేసరికి మధ్యాహ్నం బెల్లు కొట్టేది. హాజరు పట్టీ చూసి నక్కగారు కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నారు. వారం తిరక్కుండా తనే పులిపిల్లల్ని బతిమాలి వెనక్కి జరిపారు.

నీలవేణి ఏనుగు మెడమీద కూర్చుని, చెవి పట్టుకుని, "మరి పదిహేనో ప్రశ్న ఏంటి సార్?" అని అడిగింది. నక్కగారు పుస్తకం మూసేశారు.

నీతి: ఏ పాఠాన్నీ పిల్లలచేత నలభైతొమ్మిదిసార్లకు మించి చదివించరాదు.