నక్కగారి సాగు లెక్క

వాగుకీ కొండకీ మధ్య ఒక పెద్ద అడవి ఉండేది. అక్కడి జంతువులు వేట మానేసి సేద్యంలోకి దిగి మూడు తరాలైంది. రాజుగారైన సింహం కూడా జొన్న సంకటే తినేది. ఎవరూ చూడనప్పుడు ఏం తినేదో మనకు తెలియదు.

తాతల నాడు వాగు ఒడ్డు నుంచి కొండ మొదలు దాకా అన్నీ చేలే. తర్వాత ఏనుగులకు వెడల్పాటి రోడ్డు కావాల్సి వచ్చింది. జింకలు పొలాలు కొని, రాళ్లు పాతి, ప్లాట్లుగా అమ్ముకున్నాయి. సింహం విశ్రాంతి భవనం కట్టించుకుని చుట్టూ పచ్చిక వేయించింది. ఐదేళ్లకోసారి భూమి కొలిచేవారు. కొలిచిన ప్రతిసారీ చేలు తగ్గేవి. యాభై ఏళ్లలో సగానికి సగం పోయాయి.

సింహానికి బెంగ పట్టుకుంది. పొలాలు పోయినందుకు కాదు, ఆ సంగతి పక్క అడవిని ఏలే పులికి తెలిసినందుకు.

"ఈసారి కొలతలో తగ్గకూడదు," అని సర్వే అధికారిని పిలిచి చెప్పింది.

సర్వే అధికారి ఒక నక్క. పేరు జంబుకేశ్వరరావు.

"లోపం భూమిలో లేదు మహారాజా, మనం చూసే తీరులో ఉంది," అంది నక్క. "దున్నుతున్న నేలనే సాగుభూమి అంటున్నాం. ఒకప్పుడు దున్నిందీ, ఇకముందు దున్నడానికి వీలైందీ, దున్నితే బాగుంటుందని ఎవరికైనా అనిపించిందీ, అంతా సాగుభూమే."

"మరి రోడ్డు?"

"దాని పక్కన గడ్డి మొలుస్తోంది కదా."

"మా పచ్చిక?"

"జొన్న కూడా గడ్డి జాతే మహారాజా."

కొలత పూర్తయ్యేసరికి సాగుభూమి అడవి కన్నా కాస్త ఎక్కువే వచ్చింది. ఆ ఎక్కువను నక్క లెక్కలోంచి కొట్టేసింది. అతిశయోక్తి తనకు గిట్టదని చెప్పుకుంది. సింహం నక్కకు శాలువా కప్పి, పులికి ఆ పట్టిక పంపించింది.

సూరమ్మ అనే అడవిపందికి వాగు పక్కన మూడెకరాల జొన్న చేను ఉండేది. రెండేళ్ల కిందట దాన్ని అధికారుల కాలనీకి తీసుకున్నారు. బదులు నేల ఇస్తామన్నారు, ఇవ్వలేదు. ఇప్పుడు ఆ చేలో మొదటి ఇల్లు నక్కదే. తన పేరు రికార్డులో ఇంకా ఉందని విని సూరమ్మ ఆఫీసుకు వెళ్లింది.

"అయ్యా, నాకు చేను ఉన్నట్టు రాశారట."

"ఉంది కదా. మూడెకరాలు, జొన్న, సాగుదారు సూరమ్మ."

"అక్కడ మీ ఇల్లుందండి. నేను కొండ మీద రాళ్ల మధ్య దుంపలు తవ్వుకుంటున్నాను. ఐదుగురు పిల్లలు. నిన్న పొద్దంతా తవ్వితే ఒక్క దుంప దొరికింది."

"కాలనీ అని రాస్తే మూడెకరాలు తగ్గుతాయి సూరమ్మా. అడవి పరువేం కావాలి? నీ పేరు కాగితంలో నిలబెట్టాను. అది చూసుకుని సంతోషించు."

"అయితే ఆ కాగితం నకలు ఇప్పించండి," అంది సూరమ్మ.

నక్క ముద్ర వేసి మరీ ఇచ్చింది. అడిగిన కాగితం చేతిలో పెడితే జనం మళ్లీ రారని దాని అనుభవం.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. గాదెలు అడుగంటాయి. కరువొస్తే పులి ఎప్పుడూ గింజలు పంపేది. ఈసారి గింజలకు బదులు కబురొచ్చింది. "మీ పట్టిక చూశాం. మాకన్నా రెండింతల సాగు ఉంది మీకు. మాకే ఓ రెండొందల బస్తాలు పంపండి."

సింహం నక్కను పిలిచింది. "భూమి పెరిగింది కదా, గింజలేవి?"

నిజం చెప్పడానికి అదే ఆఖరి అవకాశం. నక్క దాన్ని వాడుకోలేదు. "రైతులకు బద్ధకం ఎక్కువైంది మహారాజా," అంది. తానే ఒక ఉత్తర్వు రాసి చాటింపు వేయించింది. రికార్డులో సాగుభూమి అని ఉన్న ప్రతి గజమూ పది రోజుల్లో దున్నాలి. దున్నని సాగుదారుకీ, దున్నేవారికి అడ్డుపడ్డవారికీ అడవి నుంచి బహిష్కారం.

నాలుగో రోజు పొద్దున నక్క అరుగు మీద కూర్చుని ఉంది. సూరమ్మ తన వాళ్లను ఇరవై మందిని వెంటబెట్టుకుని వచ్చింది.

"ఏమిటీ గుంపు?" అంది నక్క.

"దున్నడానికొచ్చామండి. ఇంకా ఆరు రోజులే గడువుంది. తమరు కాస్త అరుగు దిగితే అక్కణ్ణుంచే మొదలుపెడతాం."

"ఇది ఇల్లు. కళ్లు కనిపించడం లేదా?"

"కనిపిస్తోందండి. రెండేళ్లుగా కనిపిస్తూనే ఉంది." సూరమ్మ ఒక అడుగు ముందుకేసింది. "కాగితంలో మాత్రం జొన్న చేనుంది. సంతకం మీదే."

నక్క సింహం దగ్గరికి పరిగెత్తింది. "మహారాజా, ఆ మూడెకరాలు మాత్రం పొరపాటున పడ్డాయని ప్రకటిద్దాం."

సింహం మీసం దువ్వుకుంది. "ఒకటి పొరపాటంటే మిగతావి కూడా చూపించమంటారు. మా పచ్చిక దాకా వస్తారు. నువ్వు ఇంకో ఇల్లు చూసుకో."

సాయంత్రానికి నక్క ఇల్లు, దాని వరుసలోని ఇళ్లు చదునైపోయాయి. రాజుగారి పచ్చికను దున్నడానికి బయల్దేరిన కుందేళ్లు గేటు దగ్గర సింహాన్ని చూసి, రేపొస్తామని చెప్పి వెళ్లిపోయాయి. ఆ రేపు ఇంకా రాలేదు.

ఆలస్యంగా ఒక వాన పడింది. సూరమ్మ చేలో జొన్న మొలిచింది. కోతల నాడు ఐదుగురు పిల్లలూ కడుపు నిండా తిని గట్టు మీదే నిద్రపోయారు. సూరమ్మ వాళ్ల పక్కన కూర్చుని, చాలాకాలానికి తనూ నిండుగా తింది.

యాభై ఏళ్లలో ఆ అడవిలో సాగు నిజంగా పెరిగింది ఆ మూడెకరాలే. మరీ తక్కువగా కనిపిస్తుందని కొత్త సర్వే అధికారి ఆ పెరుగుదలను రాయలేదు.

నక్కను చెరువుల లెక్కకు బదిలీ చేశారు. మొదటి నెలలోనే అడవిలో చెరువులు రెట్టింపయ్యాయి. ఏనుగు అడుగు పడినచోట నీళ్లు నిలిస్తే అదీ చెరువేనట.

నీతి: దొంగ లెక్క రాసేవాళ్లు సొంత ఇంటిని వదిలేసి రాయాలి.