ఎవరూ చెయ్యి వెయ్యొద్దు

ఆ పొద్దున లవాన్ హ్యాచర్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. కాఫీ తాగాలి, చక్రాల మీది ఇల్లులాంటి ట్రైలరుని ట్రక్కు వెనక తగిలించుకోవాలి, ఎండెక్కకముందే సరస్సు ఒడ్డు క్యాంపు ఖాళీ చేసెయ్యాలి. చిక్కల్లా మరిది వెర్లిన్‌తో వేసిన పందెమే. ఇన్నేళ్ళూ ట్రైలరు తగిలించింది ఆమె భర్త డ్వైట్. ఆయన పోయినప్పట్నుంచీ "ఆడమనిషివి, నీకెందుకొదినా, నాకిచ్చెయ్" అని వెర్లిన్ ఒకటే పోరు. ఒంటిచేత్తో తగిలిస్తే ట్రైలరు ఆమెది, ఎవరి సాయం పడినా అతనిది. లవాన్ సరేనంది. అనేటప్పుడు క్యాంపులో మగాళ్ళ సంగతి మర్చిపోయింది.

అక్కడ ఏ ట్రక్కు రివర్సు గేరు వేసిన చప్పుడైనా చాలు, చుట్టుపక్కల ట్రైలర్లలోంచి మగాళ్ళంతా కాఫీ మగ్గులతో దిగిపోతారు. పిలవక్కర్లేదు. ఒకాయన ఎడమకి అని చెయ్యూపుతాడు, ఇంకొకాయన కుడికి అంటాడు, మూడో ఆయన వాళ్ళిద్దరి మీదా తీర్పు చెప్తాడు.

"ఎవరూ చెయ్యి వెయ్యొద్దు," అంది లవాన్ ట్రక్కు కిటికీలోంచి.

ఆమె ట్రైలరు వెనకే తన స్థలంలో బల్ల దగ్గర పాన్‌కేకులు తింటున్న వెర్లిన్ మగ్గులవాళ్ళకేసి తిరిగి, "చూశారా పొగరు?" అన్నాడు.

అద్దంలో గురి కుదరాలని లవాన్ ట్రైలరు ముక్కు మీద ఒక పుల్ల నిలబెట్టి, దాని కొసకి టెన్నిస్ బంతి గుచ్చింది. ఆర్విల్ అనే పెద్దాయన అదేదో పిల్లల ఆటవస్తువనుకుని పీకేశాడు. ఆమె దిగొచ్చి, ఆయన చేతిలోంచి లాక్కుని మళ్ళీ నిలబెట్టింది. ఆర్విల్ మనసు చివుక్కుమంది. పోనీ పరిహారంగా ఉంటుంది, ఈ వయసులో ఏం వంగుతుంది పాపం అని, ట్రైలరు చక్రాలకి అడ్డంపెట్టిన చెక్కలు తీసేశాడు. అవేమో తగిలించడం అంతా అయ్యాక ఆఖర్న తియ్యాల్సినవి. ట్రైలరు తాపీగా వెనక్కి దొర్లి, వెళ్ళి వెళ్ళి వెర్లిన్ బల్లని గుద్దింది. సిరప్పు గిన్నె అతని ఒళ్ళోకొచ్చింది.

"సాయం పడింది, ట్రైలరు నాదే," అన్నాడు వెర్లిన్, కారుతూనే.

"చెడగొట్టడం సాయమైతే, నీ ఒళ్ళో పడింది వడ్డన," అంది లవాన్.

మగ్గులన్నీ ఆమె పక్షానే నవ్వాయి. వెర్లిన్ ప్యాంటు మార్చుకోడానికి స్నానాలగది వైపు పోయాడు. చేతులు ఊరుకోక నిలబడ్డవాళ్ళని చూసి లవాన్, అంత దురదగా ఉంటే అదిగో మా మరిది ట్రైలరు, దానిమీద ఎన్ని చేతులైనా వేసుకోండంది. పొలోమని పోయారు. వెర్లిన్ ట్రక్కు ముందే దానికి దగ్గరగా ఆనించి ఉంది, తగిలించడమే తరువాయి. ఒకాయన అద్దాలు తుడిచాడు, ఒకాయన టైర్లు తన్ని చూశాడు, తక్కినవాళ్ళు ఉత్తి గాలికే సంజ్ఞలు చేశారు. అసలు పని పక్కవాడు చేసేశాడని ప్రతివాడికీ గట్టి నమ్మకం.

ఇక్కడ లవాన్ చక్రాలకి చెక్కలు పెట్టి, గురి చూసి, ట్రక్కు వెనకున్న ఇనప గుండు మీద ట్రైలరు ముక్కుకున్న బోర్లా గిన్నె కూర్చోబెట్టి, గొళ్ళెం వేసి, చీల దింపింది. జాకీతో ఎత్తి చూసింది, ఊడలేదు. గొలుసులు అడ్డదిడ్డంగా దాటించి తగిలించింది, దీపాల తీగ గుచ్చింది, జాకీ పైకి లేపింది. ఆఖర్న చెక్కలు తీసింది. ఒక్క చెయ్యీ పడలేదు.

కొత్త ప్యాంటుతో వచ్చిన వెర్లిన్‌కి ముఖం మాడిపోయింది. కనీసం ముందు నేనే బయల్దేరతాననుకుని, అంతా సిద్ధమన్నట్టు మగ్గులవాళ్ళ బొటనవేళ్ళన్నీ లేచాయి కదాని ట్రక్కెక్కి ఝామ్మని గేటు దాటాడు. అతని ట్రైలరు మాత్రం అక్కడే ఉంది. దాని తలుపు తెరుచుకుని, లోపల గిన్నెలు కడుగుతున్న అతని భార్య లోర్నా తల బయటపెట్టింది.

"ఏంటి, బయల్దేరామా?" అంది.

కాసేపటికి వెర్లిన్ తిరిగొచ్చి రివర్సు గేరు వేశాడు. మగ్గులన్నీ మళ్ళీ లేచాయి.

"ఎవరూ చెయ్యి వెయ్యొద్దు," అన్నాడు వెర్లిన్.

పొద్దున అదే మాట లవాన్ అంటే పొగరన్నాడు.