కొండ మీద సొంతిళ్ళు

ఆదివారం తెల్లవారుజామున మునికుమార్ మనసులో ఉన్న పథకం చాలా చిన్నది. లోహిత వాళ్ళ అమ్మానాన్నలను నెమలిగుండు కొండ ఎక్కించాలి, దించాలి, ఆ తర్వాత పిల్లనివ్వమని అడగాలి. అడగడం ఒక్కటే కష్టమని పాపం అతను అనుకున్నాడు.

మునికుమార్, లోహిత శ్రీసిటీలో ఒకే ఫ్యాక్టరీలో పనిచేస్తారు. ఆమె తండ్రి చెంగల్రాయుడు బస్సు కండక్టరుగా రిటైరయ్యాడు. ఉద్యోగం పోయినా మెడలో విజిల్ పోలేదు. ఇంట్లో కూడా ఒక విజిల్ వేస్తే ఆగాలి, రెండు వేస్తే కదలాలి. పెళ్ళిచూపుల మాట ఎత్తగానే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"కుర్చీలో కూసోబెట్టి మిచ్చరు పెడితే అందరూ మంచోళ్ళే అబ్బా. ఆ అడవి నాకు కొట్టిన పిండి అంటివంట కదా. మమ్మల్ని నెమలిగుండు ఎక్కించి, పొద్దుగూకేలోగా కిందికి దించు. దించితే ముహూర్తం మాట్లాడుకుందాం. లేదంటే మాత్రం మళ్ళా ఆ మాట ఎత్తగూడదు."

కొట్టిన పిండి అన్నది లోహిత ముందు కోసిన కోత. నిజానికి మునికుమార్ ఆ కొండ ఎక్కింది క్రితం ఆదివారం ఒక్కసారే. అది కూడా స్నేహితుడి మడమలు చూస్తూ ఎక్కాడు. అందుకని ఓ ఉపాయం ఆలోచించుకున్నాడు. దోవ చీలిన ప్రతిచోటా, తాము వెళ్ళే వైపున ఒకదాని మీద ఒకటి మూడు రాళ్ళు పేర్చాలి. దిగేటప్పుడు అవి చూసుకుంటూ రావాలి. ఫ్యాక్టరీలో అతని ఉద్యోగమే మంచి సరుకు మీద పచ్చచుక్క పెట్టడం. కళ్ళకన్నా గుర్తును నమ్మే మనిషి.

"నేను ముందు పోయి దోవ సూస్తాను సార్, మీరు నిదానంగా రండి" అని అందరికన్నా ముందు నడిచాడు. ఎవరూ చూడకుండా రాళ్ళు పేర్చాడు. చీలికలో నిలబడి ఏమాత్రం తడుముకోకుండా "ఇట్లా రండి" అంటుంటే చెంగల్రాయుడు మెచ్చుకోలుగా రెండు విజిళ్ళు వేశాడు. లోహిత కళ్ళల్లో గర్వం చూసి మునికుమార్‌కు కొండ సగం అక్కడే దిగినట్టనిపించింది.

వెనక ఏం జరిగిందో అతనికి తర్వాత గానీ తెలియలేదు. అందరికన్నా వెనక లోహిత తల్లి భారతమ్మ నడుస్తోంది. మొగుడికి బదిలీ అయినప్పుడల్లా సామాను సర్దుకుంటూ, జీవితమంతా బాడుగ ఇళ్ళలోనే గడిపిన ఇల్లాలు. తిరుమలకు ఎప్పుడు నడిచివెళ్ళినా సొంతిల్లు రావాలని మెట్లదారి పక్కన ఇల్లులా రాళ్ళు పేర్చి మొక్కుకునేది. అలాంటి మనిషికి అడవిలో, చెట్టు కింద, ఒకదాని మీద ఒకటి మూడు రాళ్ళు కనబడ్డాయి. ఆమె చెప్పులు విడిచి, దణ్ణం పెట్టి, పక్కనే తనదీ ఒకటి కట్టింది. తర్వాతి చీలికలో ఇంకొకటి.

ఆమె వెనక ఊరి నుంచి వ్యాను కట్టించుకుని వచ్చిన ఆడవాళ్ళ గుంపు ఎక్కుతోంది. దానికి పెద్ద నాగరత్నమ్మ.

"ఏందక్కా, ఈడ సామి ఉండాడా?"

"ఉండబట్టే కదమ్మా ఎవురో కట్టినారు" అంది భారతమ్మ.

ఇంక చూడాలి. ఆ గుంపు ఎడం దోవలో కట్టింది, కుడి దోవలో కట్టింది, నీడ ఉన్నచోటల్లా కట్టింది. ఒకామె కింద తాము ఉండటానికి, పైన బాడుగకి ఇవ్వడానికి అని అంతస్తులు లేపింది. ఇంకొకామె కారుకు విడిగా షెడ్డు వేసింది.

శిఖరం మీద గాలి హాయిగా ఉంది. కింద చెరువులు, మామిడి తోటలు కనబడుతున్నాయి. చిత్రాన్నం తిని, చెంగల్రాయుడు "సర్వీసు బాగుండాది" అని ఒప్పుకుని, ఆ బండ మీదే ఒక కునుకు తీశాడు. ఆయన లేచి రెండు విజిళ్ళు వేశాక దిగడం మొదలుపెట్టారు.

మొదటి చీలికలోనే మునికుమార్ ఆగిపోయాడు. రెండు దోవల్లోనూ రాళ్ళ గుట్టలు బారులు తీరి ఉన్నాయి. ఎక్కడ ఎక్కువుంటే అదే సరైన దోవ అనుకుని ఎడమకు తిప్పాడు. అది ముళ్ళపొదల్లోకి తీసుకెళ్ళింది. అక్కడా ఒక రెండంతస్తుల మేడ ఉంది. వెనక్కి వచ్చి, ఇంకో దోవ పట్టి, చుట్టూ తిరిగి మళ్ళీ అదే ముళ్ళపొద దగ్గర తేలారు. ఒక విజిల్ మోగింది.

"ఏమబ్బా, ఈ స్టాపు ఇందాకే దాటినాం కదా?"

"ఇది... దగ్గిర దోవ సార్."

"మునీ, నిజం సెప్పు" అంది లోహిత పళ్ళ బిగువున.

నీళ్ళ సీసాలు ఖాళీ అయ్యాయి. పొద్దు వాలుతోంది. ముహూర్తం కళ్ళముందే కరిగిపోతుంటే మునికుమార్ బండెక్కి, ఉన్న గొంతంతా పెట్టి "గోవిందా!" అని అరిచాడు. తిరుపతి చుట్టుపక్కల ఆపదలో ఉన్నవాడికైనా నోటికి వచ్చే పిలుపు అదే. లోయలోంచి వెంటనే "గోవింద!" అని ఉత్సాహంగా జవాబొచ్చింది. మళ్ళీ అరిచాడు. ఇంకా ఉత్సాహంగా వచ్చింది. కాసేపటికి నాగరత్నమ్మ గుంపంతా చెమటలు కక్కుతూ పైకొచ్చింది.

"నీ గొంతు ఇని దోవ దొరికిందని వచ్చినాం నాయనా. మేమూ తప్పిపోయినాం. యాడ సూసినా సామి రాళ్ళే!"

ఇప్పుడు అందరూ మునికుమార్ వైపే చూశారు. ఇక దాచి లాభం లేదు.

"ఈడ సామి లేడమ్మా. దోవ గుర్తుకని మొదట ఆ రాళ్ళు పేర్చింది నేనే. నాకీ అడవి తెలీదు సార్. అబద్ధం సెప్పినాను."

చెంగల్రాయుడు విజిల్ నోట్లో పెట్టుకుని, ఊదకుండానే తీసేశాడు. భారతమ్మ బండ మీద కూలబడింది.

"అయితే సామి లేడా? దోవ పొడుగునా కట్టుకుంటా వచ్చినానే..." ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ముహూర్తం పోయినందుకన్నా ఆ నీళ్ళకే మునికుమార్‌కు ఎక్కువ సిగ్గేసింది.

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ ముళ్ళపొద పక్కనున్న మేడను చూసింది. మొహం చిట్లించింది.

"ఇది నాది కాదు. దీనికి అరుగు యాడుండాది?"

"అరుగా?" అన్నాడు మొగుడు.

"బాడుగిండ్లలో అరుగుండేది ఒక్కటన్నా సూపిచ్చినావా నువ్వు? సాయంత్రమైతే కూసోని నలుగురితో మాట్లాడేదానికి జాగా లేక సచ్చినాను. అందుకే నేను కట్టిన ప్రతి ఇంటికీ తూర్పు తట్టు పలకరాయితో అరుగు పెట్టినా."

మునికుమార్ దిగ్గున తలెత్తాడు. అతను రాళ్ళు పేర్చిన చోటల్లా, వాటి పక్కనే ఆమె ఇల్లు కట్టింది. అంటే అరుగున్న ఇల్లు కనబడితే అదే వచ్చిన దోవ!

అక్కడి నుంచి భారతమ్మ ముందు నడిచింది. "ఇది నాగరత్నమ్మది, డూప్లెక్సు. ఇది కాదు, వాకిలి పడమరకుండాది. ఇదిగో, ఇది నాది!" అంటూ తన ఆస్తులు తనే చూసుకుంటూ గుంపునంతా నడిపించింది. దారి పొడుగునా ఆమె గొంతులో హుషారు పెరుగుతూ వచ్చింది.

కొండ దిగేసరికి పొద్దు గూకింది. మునికుమార్ తల వంచుకుని చెంగల్రాయుడి ముందు నిలబడ్డాడు.

"లేటయింది సార్. మాట ఎత్తను."

చెంగల్రాయుడు పెళ్ళాం మొహం చూశాడు. కొత్తింట్లో పాలు పొంగించినంత సంబరంగా ఉందామె.

"నా సర్వీసులో నేను ఒక్క దినమన్నా టయానికి దిగినానా అబ్బా? లేటయితే బండి క్యాన్సిలైనట్టు కాదు. అడవిలో నిజం సెప్పినావు సూడు, అది సాలు. రేపట్నుంచి సార్ అనొద్దు, మామా అను." రెండు విజిళ్ళు వేశాడు.

"ఒక్క మాట" అంది భారతమ్మ. "మీరు కట్టే ఇంటికి అరుగు పెట్టాల. సాయంత్రాలు నేనొచ్చి కూసుంటా."

పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ మళ్ళీ ఆ కొండకు వెళ్ళారు. కొండ మొదట్లోనే కొబ్బరికాయల అంగడి వెలిసింది. దోవకిరువైపులా అడుగు పెట్టే చోటు లేకుండా రాళ్ళ ఇళ్ళు. మునికుమార్ ముచ్చటపడి ఓ మూల మూడు రాళ్ళు పేర్చాడు. వెనక నుంచి ఎవరో పెద్దమనిషి కసిరాడు.

"అట్లా కాదప్పా! ఇండ్లసామి కొండలో దేనికైనా పద్ధతుండాది. తెలీకపోతే తెలిసినోళ్ళని అడగాల."

మునికుమార్ ఓ పలకరాయి వెతికి తెచ్చి తూర్పు వైపు అరుగు పెట్టాడు.