ఇంటి పొగంతా అల్లుడిదే

ఆ రోజు పొద్దున గడ్డం గీసుకుంటూ, ఇక జన్మలో సిగరెట్టు ముట్టకూడదని పొగబండి తీర్మానించుకున్నాడు. ఆ పేరు మామగారు పెట్టింది. అత్తవారు పెట్టినవాటిలో ఇన్నేళ్లుగా చెక్కుచెదరనిది అదొక్కటే. ఇదివరకు మానేసినప్పుడల్లా ఊరంతా చాటుకుని, వారం తిరక్కుండానే దొరికిపోయాడు. అందుకని ఈసారి భార్య ఒక్కదానికే చెప్పాడు.

"చూద్దాం. ఈసారి గానీ దొరికారో, సూర్యుడు పొడిచాడని మీరు చెప్పినా కిటికీ తీసి చూసుకుంటాను" అందామె.

ఆ మాట గుచ్చుకుంది. ఈ ఒక్కసారి ఆమె తనని నమ్మితే చాలుననుకున్నాడు. జేబులో ఉన్న పాకెట్టు చెత్తబుట్టలో పడేసి, అదే జేబులో యాలకులు పోసుకుని ఆఫీసుకి బయల్దేరాడు.

ఆ ఆఫీసులో పనులన్నీ తేలేది మెట్ల కింద, పొగలోనే. అక్కడికి రాననేసరికి, రోజూ కారెక్కించుకుని దింపే మేనేజరు ముఖం చిన్నబుచ్చుకున్నాడు. "కారులో వాసన నీదేనని మా ఆవిడకి ఇన్నాళ్లూ చెబుతున్నాను కదయ్యా. ఇప్పుడేం చెప్పమంటావు?"

మామగారూ బావమరిదీ ఉండేది వాళ్లతోనే. ఇంటికొస్తే గేటు దగ్గర బావమరిది కాపు కాశాడు. "మానేశావని అక్క చెప్పింది బావా. నా కోటులో అగ్గిపెట్టె దొరికితే ఇక ఎవరి పేరు చెప్పను?"

మామగారి సంగతి మరీ అన్యాయం. గుండె డాక్టరు భయపెట్టిన దగ్గర్నుంచి ఆయన గళ్లనుడికట్టు నింపుతూ, పెన్ను మూత నములుతూ, అల్లుడికి ఊపిరితిత్తుల గురించి ఉపన్యాసాలిస్తున్నారు. అంతటి మనిషీ భోజనాలయ్యాక అల్లుణ్ణి డాబా మీదికి పిలిచి గొంతు తగ్గించారు. "అల్లుడుగారూ, మానేయడం మంచిదే. కాస్త నెమ్మదిగా మానేయండి. నాది రోజుకొకటే, బాత్రూం కిటికీ దగ్గర." పెద్దాయన చేతులు పట్టుకునేసరికి పొగబండి కరిగిపోయి, ఎవరికీ చెప్పనని మాటిచ్చేశాడు.

మర్నాడు బాత్రూం కిటికీ గట్టు మీద సిగరెట్టు పీక భార్యకి దొరికింది. ఆ పైన బావమరిది కోటులో అగ్గిపెట్టె దొరికితే, అది బావదేనన్నాడు. సాయంత్రానికి మేనేజరు భార్య ఫోన్ చేసి, మీవారు మా కారుని పొయ్యి చేశారని మొత్తుకుంది.

పొగబండి భార్య మొగుణ్ణి హాల్లో నిలబెట్టి కడిగేసింది. "డాక్టరు అంత చెప్పినా చెవికెక్కదా? దొంగచాటుగా తాగడానికి ఈ వయసులో సిగ్గుండక్కర్లేదా? రేపేమన్నా అయితే మేమేమైపోవాలి?"

తనకి ఏ డాక్టరూ ఏమీ చెప్పలేదన్న సంగతి ఆ గాలివానలో పొగబండికి తట్టలేదు. మామగారు గళ్లనుడికట్టులో తల దూర్చారు. బావమరిది చెప్పులు వెతుక్కున్నాడు. చేయని తప్పుకి తిట్లు తినడం ఇంత కష్టమని తెలిస్తే, ఆ తప్పేదో చేస్తూనే ఉండేవాణ్ణి కదా అని పొగబండికి ఏడుపొచ్చింది.

కాసేపటికి ఉండబట్టలేక వంటింట్లోకి వెళ్లాడు. "నిజంగా మానేశాను. మరి అవన్నీ ఎవరివని మాత్రం అడక్కు. నన్ను నమ్ము, అంతే."

ఆమె తోముతున్న గిన్నె మీంచి తలెత్తలేదు. "ఎప్పుడో నమ్మాను. చెంచా కిందపడినా యుద్ధానికొస్తున్నారు. మానేసినవాడికి తప్ప అంత చిరాకు రాదు. పైగా ఆ పీక చివర నమిలి ఉంది. ఈ ఇంట్లో పెన్ను మూతలు నమిలేది మీరు కాదుగా."

పొగబండికి గుండె మీంచి బండ దింపినట్టయింది. ఆ వెంటనే కోపమూ వచ్చింది. "మరి ఇంతసేపూ నన్నెందుకు తిట్టావు?"

"నాన్నని తిట్టగలనా?" ఆమె చెయ్యి తుడుచుకుని అలమర మీంచి ఒక పాకెట్టు తీసింది. "ఇందాకే నాన్న తెచ్చిచ్చారు. మీ దగ్గర దొరికిందట, పారేయమన్నారు."

పొగబండి ఆ పాకెట్టుని అటూ ఇటూ తిప్పి చూశాడు. పాకెట్టు మామగారిదే అయినా, తను మానేసి తిట్లు తిన్నందుకు ఫలితం కళ్లెదుటే ఉంది. "అయితే ఇక తిట్టవుగా" అన్నాడు.

"తమ్ముడింకా మిగిలాడు. వాడి గది మేడమీద కదా, రేపట్నుంచి కాస్త గట్టిగా తిడతాను."